సైడ్ ఎఫెక్ట్స్ చెకప్: రెండేళ్లుగా వెళ్తున్నాను, నా రివ్యూ

మొదటి ఐదేళ్లు నేను చూపించుకున్న చోట ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవారు. “మందులతో ఇబ్బందేమైనా ఉందా?” నేనూ ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేదాన్ని. “లేదండీ.” దాచాలని కాదు. నాకున్న ఇబ్బందులు మందు వల్ల వచ్చినవని నాకు తెలియదు. నెలసరి ఆగిపోవడానికీ, చెవుల్లో మాటలు వినిపించకుండా వేసుకునే మాత్రకీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఇప్పుడు వెళ్తున్న మానసిక వైద్య క్లినిక్‌లో డాక్టరును కలవడం కాకుండా సైడ్ ఎఫెక్ట్స్ చెకప్ అని విడిగా ఒకటి పెట్టారు. మూడు నెలలకోసారి ఒక సీనియర్ సిస్టర్ దగ్గర కూర్చోవాలి. నలభై నిమిషాలకు తగ్గదు. రెండేళ్లలో ఎనిమిదిసార్లు వెళ్లాను. యాంటీసైకోటిక్ మందులు, అంటే నేను వేసుకునే ఇలాంటి మానసిక వైద్యం మాత్రలు వాడేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఇలాంటి దానికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తుంటే పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

నాకు స్కిజోఫ్రీనియా, లేని మాటలు వినిపించే మానసిక జబ్బు. ఏడేళ్లయింది. మందులు మొదట ఏడాదిన్నర ఒలాంజపిన్, తర్వాత మూడున్నరేళ్లు రిస్పెరిడోన్, ఇప్పుడు అరిపిప్రజోల్. ఒలాంజపిన్ నాకు నిద్రపట్టేలా చేసింది, మూడు వారాల్లో మాటలు తగ్గించింది. ఆ మేలు నేను మరిచిపోను. కానీ ఎనిమిది నెలల్లో పధ్నాలుగు కిలోలు పెరిగాను. అది మామూలు ఆకలి కాదు. కడుపు నిండా తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకే మళ్లీ వంటింటి వైపు కాళ్లు లాగేవి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ నోరు కట్టుకోమనేవారు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మందు ఆపేశాను. రెండు నెలలు తిరక్కుండానే మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉన్నాను.

సైడ్ ఎఫెక్ట్స్ ముందే చెబితే పేషెంట్లు భయపడి మందు మానేస్తారని కొందరు అంటారు. నేను మానేసింది చెప్పకపోవడం వల్ల. “ఈ మందుతో ఆకలి పెరుగుతుంది, నీ తప్పు కాదు, బరువు పెరగడం మొదలవగానే రా, వేరే దారి చూద్దాం” అని ఒక్కరు అని ఉంటే ఆ పంతొమ్మిది రోజులు నాకు ఉండేవి కావని ఇప్పటికీ నమ్ముతాను.

ఇక చెకప్ సంగతి. మొదటిసారి వెళ్లినప్పుడు సిస్టర్ “ఇబ్బందేమైనా ఉందా” అని అడగనే లేదు. నా చీటీలన్నీ తీసుకుని, ఏ మందు ఎప్పటి నుంచి ఎంత డోసులో వాడుతున్నానో ఒక కాగితం మీద వరుసగా రాసుకుంది. ఆ తర్వాత తల నుంచి కాళ్ల దాకా ప్రశ్నలు. పొద్దున్న లేచేసరికి దిండు తడిసి ఉంటోందా? మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయా? నోరు ఎండిపోతోందా? దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయా? మోషన్ ఎన్ని రోజులకోసారి? టీవీ ముందు అరగంట కదలకుండా కూర్చోగలుగుతున్నారా? సంతకం మునుపటిలాగే పడుతోందా, అక్షరాలు చిన్నవైపోతున్నాయా? చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చింది?

అక్కడ ఆగిపోయాను. పదకొండు నెలలయింది.

“ఎవరికైనా చెప్పారా అమ్మా?” అని అడిగింది. చెప్పాను, ఆడవాళ్ల డాక్టరుకి. స్కానింగ్ తీశారు, థైరాయిడ్ చూశారు, రెండుసార్లు గర్భ పరీక్ష చేయించారు. ఏమీ తేలలేదు. కానీ అక్కడ నేను వాడే మానసిక వైద్యం మందు పేరు చెప్పలేదు. సిగ్గుతో. ఏ మందులు వాడుతున్నావని వాళ్లూ అడగలేదు. సిస్టర్ పెన్ను పక్కన పెట్టి, నా రిస్పెరిడోన్ డోసు నాలుగు మిల్లీగ్రాముల నుంచి ఆరుకి పెంచిన తేదీ చూపించింది. సరిగ్గా అప్పటి నుంచే ఆగింది.

అప్పుడు ఆమె చెప్పిన తీరు ఇంకా గుర్తుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను బాలింతలకు పాలు పడేలా చేస్తుంది. మిగతా సమయాల్లో మెదడులోని డోపమిన్ దాన్ని అదుపులో పెడుతుంది. ఈ మందులు పనిచేసేది డోపమిన్‌ను అడ్డుకునే. మాటలు పుట్టే చోట అడ్డుకుంటే జబ్బు తగ్గుతుంది. ప్రొలాక్టిన్‌ను అదుపు చేసే చోట అడ్డుకుంటే ఆ హార్మోను పెరిగిపోతుంది. కదలికల్ని నడిపే చోట అడ్డుకుంటే వణుకు, బిగుతు వస్తాయి. “మందుకి ఏ వీధిలోకి వెళ్లాలో తెలియదమ్మా, అన్ని వీధుల్లోకీ వెళ్తుంది” అంది. ఐదేళ్లలో నా మందు ఏం చేస్తుందో నాకు అర్థమైంది ఆ రోజే.

రక్తపరీక్షలో ప్రొలాక్టిన్ మిల్లీలీటరుకు 96 నానోగ్రాములు వచ్చింది. గర్భం లేని ఆడవాళ్లలో సుమారు 25 దాటకూడదు. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, అమిసల్‌ప్రైడ్‌లతో ఇది ఎక్కువగా కనిపిస్తుందని, నెలసరి ఆగడంతో పాటు రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం రావడం, కోరిక తగ్గిపోవడం ఉంటాయని, ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఎముకలు పలచబడతాయని చెప్పింది. మగవాళ్లలోనూ పెరుగుతుందట. వాళ్లకు నెలసరిలాంటి గుర్తు ఉండదు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. డాక్టరు నన్ను కొద్దికొద్దిగా అరిపిప్రజోల్‌లోకి మార్చారు. మూడో నెలలో నెలసరి వచ్చింది. ఆ పొద్దున అమ్మా నేనూ ఇద్దరం ఏడ్చాం.

రెండో చెకప్ గురించి కూడా రాయాలి. ఎందుకంటే ఈ క్లినిక్‌లో నాకు కనిపించిన పెద్ద లోపం, పెద్ద మేలు రెండూ ఆ ఒక్కసారే బయటపడ్డాయి.

అరిపిప్రజోల్ మొదలుపెట్టిన రెండు వారాలకు కూర్చోలేని స్థితి వచ్చింది. కుర్చీలో కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే ఆగకూడదు. రాత్రి పడుకుని కాళ్లు పక్కకు రాసుకుంటూ ఉండేదాన్ని. లోపల ఎవరో నన్ను తోస్తున్నట్టు ఉండేది. జబ్బు తిరగబెట్టిందని నేను, అమ్మ ఇద్దరం అనుకున్నాం. ఆ టెన్షన్‌లో చచ్చిపోతే బాగుండన్న ఆలోచన కూడా రెండు రాత్రులు వచ్చింది. ఈ మాట దాచకుండా రాస్తున్నాను, చదివేవాళ్లలో ఎవరికైనా అలా ఉంటే అది మందు పని కావచ్చని, అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయాలని తెలియడం కోసం.

మందు మార్చేటప్పుడు ఇలా రావచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. ఇది లోపం. సిస్టర్‌తో అదే అన్నాను. ఆమె తప్పు ఒప్పుకుంది, క్షమించమంది.

కానీ ఆ తర్వాత అడిగిన ప్రశ్న నన్ను కాపాడింది. “ఈ ఆరాటం మనసులో ఉందా, కాళ్లలో ఉందా?” ఒక్క క్షణం ఆలోచించాను. కాళ్లలో ఉంది. మనసులో భయపెట్టే ఆలోచనలేవీ కొత్తగా లేవు, మాటలు వినపడటం లేదు. నన్ను రెండు నిమిషాలు కూర్చోబెట్టి, రెండు నిమిషాలు నిలబెట్టి చూసింది. నిలబడ్డప్పుడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూనే ఉన్నానని అమ్మ చెప్పేదాకా నాకే తెలియదు. దీన్ని అకతీజియా అంటారు. గ్రీకు మాట, కూర్చోలేకపోవడమని అర్థం. 1989 నుంచి దీన్ని కొలవడానికి బార్న్స్ స్కేల్ అని ఒకటి వాడుతున్నారు, ఆమె చేసింది ఆ పరీక్షే. దీన్ని జబ్బు ముదిరిందని పొరబడి మందు డోసు పెంచడం జరుగుతుంటుందని, పెంచితే ఇది ఇంకా పెరుగుతుందని చెప్పింది. నా డోసు పదిహేను నుంచి పదికి తగ్గించారు. ఈ ఆరాటాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ అనే మాత్ర, ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు కాబట్టి నాకు అది లేదని నిర్ధారించుకుని, రాశారు. పది రోజుల్లో కాళ్లు కుదుటపడ్డాయి.

అరిపిప్రజోల్ ప్రొలాక్టిన్‌ను పెంచదు, బరువూ అంతగా పెంచదు, కానీ ఈ కూర్చోలేనితనం దానితో బాగానే కనిపిస్తుంది. ఇలా ఒక్కో మందుకి ఒక్కో గుణం. ఒలాంజపిన్, క్లోజపిన్ బరువు, షుగర్ వైపు ఎక్కువ. క్వెటియాపిన్ మత్తు ఎక్కువ, లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. హాలోపెరిడాల్ లాంటి పాతతరం మందులు కండరాల బిగుతు, వణుకు ఎక్కువ తెస్తాయి. ఏది మంచి మందు అని అడిగితే సిస్టర్ జవాబు చెప్పదు. “ఏ ఇబ్బందితో బతకగలరో, దేనితో బతకలేరో మీరు చెప్పండి” అంటుంది. నాకు ఇలా మాట్లాడేవాళ్లు నచ్చుతారు.

బరువు, నడుము కొలత, బీపీ ప్రతిసారీ చూస్తారు. పరగడుపు షుగర్, కొలెస్టరాల్ అవసరాన్ని బట్టి. అమెరికాలో డయాబెటిస్ వైద్యుల సంఘం, మానసిక వైద్యుల సంఘం మరికొన్ని సంఘాలతో కలిసి 2004లో ఇచ్చిన సూచనల్లో మందు మొదలుపెట్టిన 4, 8, 12 వారాలకు బరువు చూడాలని, ఆ తర్వాత మూడు నెలలకోసారి చూడాలని ఉంది. పన్నెండు వారాలకు షుగర్, బీపీ, కొలెస్టరాల్ కూడా. సిస్టర్ ఆ పట్టిక చూపించాక ఇంటికెళ్లి నా పాత ఫైలు తిరగేశాను. ఒలాంజపిన్ వాడిన ఏడాదిన్నరలో నా బరువు రాసింది ఒకే ఒక్కసారి. పట్టిక ప్రకారం చూసి ఉంటే ఎనిమిదో వారానికే నా సంగతి తెలిసిపోయేది.

ఆరు నెలలకోసారి కదలికల పరీక్ష ఉంటుంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఇదే. చేతులు లేని కుర్చీలో కూర్చోబెడతారు. నోట్లో చూయింగ్ గమ్ గానీ, కట్టుడు పళ్లు గానీ ఉన్నాయా అని అడుగుతారు. నోరు తెరవమంటారు, నాలుక బయటపెట్టమంటారు. బొటనవేలితో మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా వేగంగా తాకమంటారు. ఆ సమయంలో ఆమె చూసేది నా వేళ్లను కాదు, నా మొహాన్నీ కాళ్లనూ. ధ్యాస వేళ్ల మీద ఉన్నప్పుడే పెదవులూ పాదాలూ వాటంతటవి కదులుతాయట. తర్వాత నడిచి చూపించాలి. నిజానికి పరీక్ష అంతకుముందే మొదలవుతుంది, మనం బయట వరుసలో కూర్చున్నప్పుడే ఆమె ఒకసారి చూసి వెళ్తుంది.

ఇది టార్డివ్ డిస్కినీసియా కోసం. నెలలు, ఏళ్లు మందు వాడాక పెదవులు చప్పరించినట్టు, నాలుక మెలితిప్పినట్టు, దవడ నములుతున్నట్టు కదలడం. వచ్చినవాళ్లకు తరచూ తెలియదు, పక్కవాళ్లకు కనిపిస్తుంది. మందు ఆపినా కొందరిలో పోదు. అందుకే మొదట్లోనే పట్టుకోవాలి. 2017లో అమెరికాలో వాల్‌బెనజైన్, డ్యూటెట్రాబెనజైన్ అనే రెండు మందులకు దీని చికిత్స కోసం అనుమతి వచ్చింది. అంతకుముందు దీనికంటూ అక్కడ అనుమతి పొందిన మందే లేదు.

ఈ పరీక్షలోనే నా ట్రైహెక్సీఫెనిడిల్ సంగతి బయటపడింది. రిస్పెరిడోన్ మొదలుపెట్టినప్పుడు చేతులు వణుకుతుంటే ఆ చిన్న మాత్ర రాశారు. వణుకు తగ్గింది. మాత్ర మాత్రం మూడున్నరేళ్లు అలాగే సాగింది. రిస్పెరిడోన్ ఆపేశాక కూడా చీటీలో ఉండిపోయింది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టానో గుర్తురాకపోవడం, ఇవన్నీ దాని వల్ల కూడా కావచ్చని, టార్డివ్ డిస్కినీసియా వస్తే అది దాన్ని ఇంకా పెంచుతుందని సిస్టర్ డాక్టరుకి రాసింది. నెల రోజుల్లో మెల్లగా ఆపించారు. ఇప్పుడు పుస్తకం చదివితే ముందు పేజీలో ఏముందో గుర్తుంటోంది.

మందు పెట్టెలో వచ్చే కాగితం చదవడం కూడా నేర్పింది. అంతకుముందు దాన్ని చూస్తే గుండె జారేది, మరణం పక్కనే మలబద్ధకం, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో. “చాలా సాధారణం” అని ఉంటే పదిమందిలో ఒకరికన్నా ఎక్కువమందికి అని, “అరుదు” అంటే వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువమందికి అని ఆ మాటలకు లెక్కలున్నాయి. అవి తెలిశాక కాగితం అంత భయపెట్టదు. కానీ అరుదైన వాటిలో కొన్నిటికి ఒక్క రోజు కూడా ఆగకూడదు. వాటిని క్లినిక్ వాళ్లు పర్సులో పట్టే ఎర్ర కార్డు మీద అచ్చు వేసి ఇచ్చారు. ఎక్కువ జ్వరం, ఒళ్లంతా కర్రలా బిగుసుకోవడం, అయోమయం కలిసి వస్తే వెంటనే ఎమర్జెన్సీకి. మెడ ఒక పక్కకి తిరిగిపోయినా, కనుగుడ్లు పైకి నిలిచిపోయినా వెళ్లాలి. అది ఇంజెక్షన్‌తో నిమిషాల్లో తగ్గుతుంది. గుండె దడతో స్పృహ తప్పినా వెళ్లాలి. క్లోజపిన్ వాడేవాళ్లకు వేరే కార్డు ఉంది. గొంతునొప్పి, జ్వరం వస్తే అదే రోజు తెల్లకణాల పరీక్ష, మొదటి వారాల్లో ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రి, మోషన్ రోజుల తరబడి ఆగితే చిన్న విషయంగా తీసుకోవద్దు అని. క్లోజపిన్‌తో మలబద్ధకం ప్రాణం మీదకి తెస్తుందని నాకు ఆ కార్డు చూసేదాకా తెలియదు.

సిగరెట్లు తాగుతారా అని కూడా అడుగుతారు. తాగే అలవాటున్న వాళ్లు ఒక్కసారిగా మానేస్తే క్లోజపిన్, ఒలాంజపిన్ రక్తంలో పెరిగిపోతాయట, డోసు సరిచూసుకోవాలి. నాకు ఆ అలవాటు లేదు కాబట్టి ఇంతకన్నా రాయలేను.

నచ్చనివి. చెకప్ వారపు రోజుల్లో పొద్దున్న మాత్రమే ఉంటుంది, ఉద్యోగం చేసేవాళ్లు సెలవు పెట్టాల్సిందే. సిస్టర్ రాసిన కాగితం డాక్టరు కొన్నిసార్లు చదవరు, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కోరిక గురించిన ప్రశ్న మొదటిసారి అమ్మ పక్కన ఉండగానే అడిగారు. నేను “బాగానే ఉంది” అన్నాను. నిజం కాదు. పెళ్లి కాని ఆడపిల్ల తల్లి ముందు ఇంకేం చెబుతుంది? మూడోసారి ఒంటరిగా వెళ్లినప్పుడు చెప్పాను. ఇలాంటి ప్రశ్నలకు కనీసం ఐదు నిమిషాలు ఇంట్లోవాళ్లను బయట కూర్చోబెట్టాలని అప్పుడే అడిగాను. ఇప్పుడు అందరికీ అలాగే చేస్తున్నారు. ఇంకోటి, ఒకసారి సిస్టర్ సెలవులో ఉంటే కొత్తమ్మాయి చూసింది. కాగితం మీది ప్రశ్నలన్నీ పన్నెండు నిమిషాల్లో చదివేసి టిక్కులు పెట్టింది. అన్నిటికీ “లేదు” అనే వచ్చింది నా నోటి నుంచి, పాత అలవాటు. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగితేనే ఈ చెకప్‌కి అర్థం.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లు వాడుతున్న స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, జలుబు మాత్రలతో సహా. షుగర్ పరీక్ష ఉంటే ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, పరగడుపున రమ్మంటారు. మీతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఒకరు రావడం మంచిది, మన కదలికలు మనకన్నా వాళ్లకే తెలుస్తాయి. ఏం చెప్పినా, ఏం చదివినా సొంతంగా మందు మాత్రం ఆపకండి. నేను ఆపి చూశాను.

నా తొమ్మిదో చెకప్ ఈ నెలాఖరున. సూదిలో దారం ఎక్కించేటప్పుడు నా ఎడమచేతి చూపుడువేలు కొద్దిగా కదులుతోందని అమ్మ అంటోంది. నాకు కనిపించలేదు. తేదీ, ఏ పూట, ఎంతసేపు అన్నది ఆవిడే క్యాలెండర్ మీద రాస్తోంది. వెళ్లగానే ముందు ఆ క్యాలెండర్ చూపిస్తాను.